మా కుడుము, అత్తయ్య, అరకిలో బీన్స్

పోయినేడాది జూన్‌లో టీకా వేయించడానికి తీసుకెళ్ళినప్పుడు మా కుక్క కుడుము బరువు 37.5 కిలోలు చూపించింది. మిషన్ తప్పు చూపిస్తోందేమోనని దింపి మళ్ళీ ఎక్కించాను, ఈసారి 37.6. డాక్టర్‌గారు ఏమీ అనకుండా వంగి వాడి పక్కటెముకల కోసం రెండు చేతులతో వెతికారు, సోఫా సందులో పడిపోయిన స్కూటర్ తాళం కోసం వెతుకుతామే, అలా. "ఎముకలు చేతికి తగలాలమ్మా, ఇక్కడ దిండు తగులుతోంది" అన్నారు. వాడికి ఇదేమీ పట్టలేదు, ఆయన కోటు జేబులో బిస్కెట్ ఉందని వాసన పట్టేసి చెయ్యి నాకుతూ కూర్చున్నాడు.

కుడుము లాబ్రడార్. లేత పసుపు రంగు, అప్పటికి ఐదేళ్ళు. వినాయక చవితికి రెండు రోజుల ముందు ఇంటికొచ్చాడని అప్పట్లో ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆ పేరు పెట్టింది, వాడు పేరు నిలబెట్టాడు. వాడి ఎత్తుకి 30 కిలోలుంటే సరిపోతుందని డాక్టర్‌గారి లెక్క. "ఏం పెడుతున్నారు?" అని అడిగితే రెండు పూటలా కొలిచి డాగ్ ఫుడ్, వారానికి నాలుగు రోజులు ఉడికించిన చికెన్, అంతేనండీ అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగా అంతే అనుకుంటున్నాను.

ఇంటికొచ్చి రాత్రి భోజనాల దగ్గర అడిగాను, వాడికి ఎవరెవరు ఏమేం పెడుతున్నారని. గుమ్మడికాయల దొంగ అంటే అందరూ భుజాలు తడుముకున్నారు. మావారు పొద్దున్న టీతో పాటు రెండు మారీ బిస్కెట్లు, సాయంత్రం టీతో పాటు రెండు. అమ్మాయి ఏం తింటే అందులో వాటా. అత్తయ్య పూజ అయ్యాక కొబ్బరి ముక్క, మధ్యాహ్నం ఆవిడ విస్తట్లో చివరి ముద్ద. ఇక నేను, గిన్నె అడుగున మిగిలిన పెరుగన్నం పారేయడం ఎందుకని, "పాపం వాడికి పెడితే పోలా" అని. నలుగురం నాలుగు వైపుల నుంచి, ఎవరికి వాళ్ళం నేను పెట్టేది కొంచెమేగా అనుకుంటూ.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. 30 కిలోలకి దిగాల్సిన కుక్కకి రోజుకి దాదాపు 900 క్యాలరీలు చాలు, అందులో పై తిండి పదో వంతు దాటకూడదని పశువైద్యులందరూ చెప్పే మాటే, అంటే 90. ఒక్కో మారీ బిస్కెట్టు దాదాపు పాతిక క్యాలరీలు. నాలుగు బిస్కెట్లకే ఆ రోజు కోటా దాటిపోయింది, ఇంకా కొబ్బరి మొదలే పెట్టలేదు. పచ్చికొబ్బరి వంద గ్రాములకి 350 పైనే, చిన్న ముక్క పాతిక గ్రాములనుకున్నా మళ్ళీ ఇంకో రోజు కోటా. అదే వంద క్యాలరీలకి పావుకిలో క్యారెట్ వస్తుంది, కీరా అయితే అరకిలో దాటుతుంది. ఈ లెక్క చూశాకే నాకు అసలు విషయం అర్థమైంది. మా వాడికి కావాల్సింది గిన్నె నిండుగా కనిపించడం, నోరు ఆడుతూ ఉండటం. ఆ రెండూ కూరగాయలతో ఇవ్వొచ్చు.

వాడి ఆకలి వాడి తప్పు కూడా కాదట. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు బ్రిటన్‌లోని లాబ్రడార్లని పరీక్షిస్తే దాదాపు నాలుగింట ఒకదానికి పీవోఎంసీ అనే జన్యువులో ఓ ముక్క లేదని తేలింది. ఆ ముక్క లేని కుక్కలకి కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగ్గా అందదు, బరువూ ఎక్కువే ఉంటాయి. మావాడికి ఆ పరీక్ష చేయించలేదు కానీ, గిన్నె నాకి నాకి పింగాణీ అరిగిపోతుందేమో అనిపించేలా చూస్తున్నాను కాబట్టి ఫలితం ఏమొస్తుందో నాకు తెలుసు.

డాక్టర్‌గారు చెప్పింది చాలా మామూలు మాట. డాగ్ ఫుడ్ కొలత కొంచెం తగ్గించండి, ఆ ఖాళీలో ఉడికించిన బీన్స్, సొరకాయ, క్యారెట్ వేయండి, ఉప్పూ నూనే తాలింపూ ఏమీ లేకుండా. ఈ మాట ఇంట్లో చెప్పగానే అత్తయ్య మొహం వెలిగిపోయింది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాగా అమ్మాయ్, ఇంక ఆ కోడి మానేసి వాడికి పప్పన్నం పెట్టండి, హాయిగా ఉంటాడు" అన్నారు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. అత్తయ్య శుద్ధ శాకాహారి. వంటింట్లోకి గుడ్డు కూడా రాదు. కుడుము వచ్చినప్పుడు కుదిరిన ఒప్పందం ఏంటంటే వాడి చికెన్ వెనక బాల్కనీలో విడిగా ఇండక్షన్ స్టవ్ మీద, విడిగా గిన్నెలో, ఆ గిన్నె తోమడానికి విడిగా పీచు. ఐదేళ్ళుగా ఆవిడ ఆ బాల్కనీ తలుపు తీయలేదు, బట్టలు ఆరేయడానికి కూడా మేడ మీదికే వెళ్తారు. కాబట్టి "కుక్కకి కూరగాయలు" అనేది మా ఇంట్లో ఆరోగ్యం విషయం ఒక్కటే కాదు, ఐదేళ్ళ నుంచి నడుస్తున్న కేసులో ఆవిడకి అనుకూలంగా వచ్చిన తీర్పు.

నేను మధ్యలో నిలబడాల్సి వచ్చింది. "అత్తయ్యా, కూరగాయలు కలపమన్నారు కానీ మాంసం మానెయ్యమనలేదు" అని. ఆవిడ వినలేదు, "కుక్క ఏం తిన్నా అరిగించుకుంటుంది, మా ఊళ్ళో కుక్కలు గట్క తిని బతకలేదా" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ మాటలో సగం నిజమే. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కుక్కల్నీ తోడేళ్ళనీ జన్యువుల్లో పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైమ్‌ని క్లోమంలో తయారుచేయించే జన్యువు, ఏఎంవై2బి, తోడేలుకి రెండే కాపీలుంటే కుక్కలకి నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. మనిషి పంటలు వేయడం మొదలుపెట్టాక మన ఇళ్ళ చుట్టూ తిరుగుతూ, మనం పడేసిన గింజా గట్కా తినగలిగినవి బతికి బట్టకట్టాయన్నమాట. హస్కీల్లాంటి మంచు దేశపు జాతుల్లో ఆ కాపీలు తక్కువ, అక్కడ వ్యవసాయం ఎక్కడుంది గనక. (హస్కీని తెచ్చి హైదరాబాద్ మే నెలలో ఏసీ గదిలో పెంచేవాళ్ళ గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు బీపీ ఎందుకు.) అంటే అన్నం, జొన్నరొట్టె, చిలగడదుంప కుక్కకి అరుగుతాయి. తోడేలు వారసుడు కాబట్టి పచ్చిమాంసమే తినాలి అనేవాళ్ళది ఎంత పిడివాదమో, కుక్క ఏం పెట్టినా బతికేస్తుంది అనేదీ అంతే పిడివాదం.

మిగతా సగం దగ్గరే నేను ఒకప్పుడు పప్పులో కాలేశాను, అక్షరాలా పప్పులోనే. లాక్‌డౌన్ టైంలో చికెన్ దొరకనప్పుడు మూడు వారాలు పెసరపప్పు, అన్నం, కాస్త పెరుగు కలిపి పెట్టాను, వాడు ఆనందంగా తిన్నాడు, నేనూ బాగానే ఉంది కదా అనుకున్నాను. అప్పుడు వాడింకా చిన్న కూన. ముందుకాళ్ళు కొద్దిగా బయటికి తిరుగుతున్నాయని డాక్టర్ దగ్గరికి వెళ్తే తెలిసింది, అన్నం పప్పులోనే కాదు, ఒట్టి చికెన్ అన్నంలో కూడా కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, ఆ తేడాని శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది అని. ఎదిగే కూనకి అది ఇంకా ప్రమాదం. వెంటనే కూనల డాగ్ ఫుడ్‌కి మార్చాం, కాళ్ళు సర్దుకున్నాయి, నా గుండె సర్దుకోవడానికి ఇంకొంచెం టైం పట్టింది.

అది కాక టారిన్ అని ఒకటుంది, గుండె కండరానికి కావాల్సింది. పిల్లులు దాన్ని సరిపడా తయారుచేసుకోలేవు, అందుకే వాటికి మాంసం లేనిదే గడవదు. కుక్కలు తయారుచేసుకుంటాయి కానీ దానికి ముడిసరుకుగా మెథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు కావాలి, మన పప్పుల్లో తక్కువగా ఉండేవి సరిగ్గా అవే. బి12 మొక్కల్లో ఉండదు. విటమిన్ డి కుక్కలు మనలా ఎండలో తిరిగి తయారుచేసుకోలేవు, తిండిలోంచే రావాలి. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. ధాన్యం లేకుండా బఠాణీ, పప్పులు, బంగాళదుంపలు ఎక్కువగా వేసి చేసిన డాగ్ ఫుడ్ తింటున్న కుక్కల్లో, గుండె సాగిపోయి బలహీనపడే డీసీఎం జబ్బు కనిపిస్తోందని. తిండే కారణమని వాళ్ళు తేల్చలేదు, దాని మీద వాదన ఇంకా నడుస్తోంది. మరోవైపు 2024లో బ్రిటిష్ వెటర్నరీ అసోసియేషన్ తన పాత పట్టు సడలించి, పోషకాలన్నీ పక్కాగా లెక్కగట్టి చేసిన శాకాహారమైతే కుక్కలకి పెట్టొచ్చనే వైపుకి వచ్చింది. అది అత్తయ్యకి చదివి వినిపించాను కూడా, న్యాయంగా ఉండాలి కదా. కాకపోతే అక్కడ చెప్పిన "లెక్కగట్టిన" అనే మాటకీ మా ఇంటి పప్పన్నానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం.

చివరికి తేలిందేంటంటే డాగ్ ఫుడ్, చికెన్ ఉంటాయి, కొంచెం తగ్గుతాయి. కూరగాయలు వాటికి తోడు వస్తాయి, వాటి చోటుకి రావు. కూరగాయల డిపార్ట్‌మెంట్ మొత్తం అత్తయ్యది, బాల్కనీ డిపార్ట్‌మెంట్ నాది.

మొదటి వారం నేను చేసిన తెలివితక్కువ పని పచ్చి క్యారెట్లు. కరకరలాడుతూ తింటాడు, పళ్ళకీ మంచిదని గొప్పగా ముక్కలు కోసి పెట్టాను. మర్నాడు పొద్దున తార్నాకలో మా వీధి చివర, పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ వైపు వాకింగ్‌కి వెళ్తూ వాడు కూర్చున్నాడు, నేను కవర్ తిరగేసి చేతికి తొడుక్కుని వంగాను, చూస్తే నారింజ రంగు ముక్కలు, నేను ఏ సైజులో కోశానో అదే సైజులో, అంచులు కూడా అరగకుండా. పక్కన వాకింగ్ చేస్తున్న పెద్దాయన ఒకరు ఆగి, "కుక్కకి జబ్బా అమ్మా?" అని అడిగారు. కాదండీ, క్యారెట్ అన్నాను. ఆయన నా వైపు, కవర్ వైపు చూసి వెళ్ళిపోయారు.

కారణం ఏంటంటే మొక్కల కణాల గోడలు సెల్యులోజ్‌తో ఉంటాయి, దాన్ని కుక్క అరిగించుకోలేదు. పైగా కుక్క మనలా నమలదు, పట్టుకుని మింగుతుంది, దాని లాలాజలంలో పిండిని అరిగించే సరుకు కూడా దాదాపు ఉండదు. కాబట్టి పచ్చి ముక్క కాలక్షేపానికి మంచిదే, క్యాలరీలు తక్కువున్న చిరుతిండి కావాలంటే ఇప్పటికీ ఇస్తాను, కానీ అందులోని సత్తువ కూడా వాడికి చేరాలంటే ఉడికించాలి లేదా మెత్తగా చేయాలి. అప్పట్నుంచి మా చిన్న కుక్కర్ వాడికి రిజర్వ్. అరకిలో బీన్స్, రెండు క్యారెట్లు, పావు సొరకాయ, కొద్దిగా నీళ్ళు, ఉప్పు లేదు, రెండు విజిల్స్. ఆవిరి పోయాక అత్తయ్య పప్పుగుత్తితో ఎనుపుతారు. ఆ నీళ్ళు పారబోయకుండా అందులోనే కలిపేస్తారు. స్టీలు డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులొస్తుంది, పూటకి ఒక కప్పు వాడి డాగ్ ఫుడ్‌లో కలపడమే. మూడో విజిల్ వస్తే ఆవిడ పరిగెడతారు, మా పప్పు మాడినా అంత కంగారు చూడలేదు.

నేనేదో సొరకాయలు కోస్తున్నాననుకునేరు, నిజంగానే కోస్తున్నా, వారానికి రెండు. కోసేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు లేదని చూస్తాను. చేదు సొరకాయ మనుషులకే విషం, కుక్కకి మినహాయింపు ఏమీ లేదు. మావారు ఆదివారం మోండా మార్కెట్ నుంచి తెచ్చే సంచిలో ఇప్పుడు వాడి వాటా విడిగా ఉంటుంది: బీన్స్, సొర, బీర, గుమ్మడి, క్యారెట్, కీరా. ఒకేసారి అన్నీ మొదలుపెట్టలేదు. ఒక్కో కూర నాలుగైదు రోజులు, రెండు చెంచాలతో మొదలుపెట్టి, విరేచనం సరిగ్గా ఉందా లేదా చూసుకుని తర్వాతది. ఆ ఓపిక లేకపోతే ఏది పడలేదో తెలియక అన్నీ మానేయాల్సి వస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఒక్కో వారం పెట్టి మానేశాం. కుక్కలకి చెడేం కాదు, మా హాల్లో కూర్చోలేకపోయాం. అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు మధ్యలో లేచి కిటికీ తీసింది. పాలకూర ఎప్పుడైనా కొంచెం. గోంగూర, చుక్కకూర వద్దన్నారు డాక్టర్‌గారు, ఆక్జలేట్లు ఎక్కువ, మూత్రంలో రాళ్ళ భయం. చిలగడదుంప వాడికి ప్రాణం, కానీ అది అన్నంలాంటిదే, ఉడికించింది వంద గ్రాములకి 80, 90 క్యాలరీలు పలుకుతుంది, అందుకని నెలకి ఓసారి శివరాత్రి.

గుమ్మడికాయ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. కిందటి వానాకాలం వాడు హాల్లో కూర్చుని, వెనక్కాళ్ళు ముందుకి చాచి, పిర్రలు నేలకి రాసుకుంటూ ముందుకి జారడం మొదలుపెట్టాడు, టైల్స్ మీద పిల్లలు జారుడు బండ ఆడినట్టు. అమ్మాయి వీడియో తీసి నవ్వింది. అత్తయ్య నులిపురుగులన్నారు. నేనూ అదే అనుకుని పురుగుల మాత్ర వేశాను. తగ్గలేదు. కుక్కలకి మలద్వారం పక్కన రెండు చిన్న తిత్తులుంటాయి. విరేచనం గట్టిగా, లావుగా వస్తే ఆ ఒత్తిడికి అవి వాటంతటవే ఖాళీ అవుతాయి, పలచగా మెత్తగా వస్తే కావు, నిండిపోయి సలుపుతాయి. డాక్టర్‌గారు గ్లవ్ వేసుకుని ఖాళీ చేశారు, ఆ వాసన గురించి రాయను, చదువుతూ ఎవరైనా భోజనం చేస్తుండొచ్చు. తర్వాత పీచు పెంచమన్నారు. అప్పట్నుంచి ఉడికించి మెదిపిన తీపిగుమ్మడి రోజూ రెండు చెంచాలు వేస్తున్నాం. దాని పీచు నీటిని పట్టుకుని పలచగా ఉంటే గట్టిపరుస్తుంది, గట్టిగా ఉంటే మెత్తబరుస్తుంది, రెండు వైపులా పనిచేసే మందు ఇంకోటి మా ఇంట్లో లేదు. మావాడికైతే మళ్ళీ గ్లవ్ అవసరం రాలేదు.

ఇప్పుడు అసలు భయం. కూరగాయలు పెట్టండి అని చెప్పగానే మన తెలుగువాళ్ళం చేసే పని, మన కూరే కాస్త తీసి పెట్టేయడం. అది కూరగాయే కదా అని. బెండకాయ మంచిదే, బెండకాయ పులుసు కాదు. మన వంటలో కుక్కకి చెడు చేసేది కూరగాయ కాదు, దాని చుట్టూ మనం కట్టేదంతా. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలని పాడుచేస్తాయి, పచ్చిదైనా, వేయించినా, పొడి కొట్టినా ఒకటే. రక్తం తగ్గడం అప్పటికప్పుడు కనపడదు, రెండు మూడు రోజుల తర్వాత నీరసపడితే ఆ రోజు తిన్న ఉల్లిపాయ కూర ఎవరికి గుర్తుంటుంది?

చింతపండు సంగతైతే నాకు ఈ ఉగాదికి తెలిసొచ్చింది. పులిహోరకి పావుకిలో చింతపండు నానబెట్టి, పిసికి, పిప్పి చెత్తబుట్టలో వేశాను. మామిడాకులు కట్టడానికి గుమ్మంలోకి వెళ్ళొచ్చేసరికి బుట్ట పడి ఉంది, వాడి మూతి చుట్టూ గోధుమరంగు పీచు, కళ్ళల్లో ఎప్పటి అమాయకత్వమే. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తాయని తెలుసు, ఎందుకో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2021లో అమెరికాలోని జంతువుల విష నియంత్రణ కేంద్రం డాక్టర్లు ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం బయటపెట్టారు, మరుసటేడు చింతపండు తిన్న కుక్కల్లో కూడా అలాగే కిడ్నీలు దెబ్బతిన్నాయని రాశారు. టార్టారిక్ ఆమ్లానికి చింతపండు పెట్టింది పేరు. ఇది నేను చదివి ఉండటం వాడి అదృష్టం, ఎందుకంటే ఫోన్ చేసిన మొదటి క్లినిక్‌లో "చింతపండుకేమవుతుందమ్మా, మజ్జిగ పట్టండి" అని పెట్టేశారు.

పండగ పూట ఇంకో క్లినిక్ తెరిచి ఉందేమో వెతుక్కుని, పట్టుచీరలోనే ఆటో ఎక్కించుకుని వెళ్ళాను. గంటలోపు తీసుకెళ్ళడం వల్ల వాంతి చేయించగలిగారు. బయటికొచ్చిన పిప్పి చూసి ఆయనే "ఇంత తిన్నాడా" అన్నారు. తర్వాత రెండు రోజులు సెలైన్, మూడు రోజుల పాటు రోజూ కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష. అన్నీ మామూలుగానే వచ్చాయి. ఆ మొదటి రాత్రి అత్తయ్య నిద్రపోలేదు. వాడి పక్కన చాప వేసుకుని, వాడి ముందుకాలికి ఉన్న క్యాన్యులా కట్టు మీద చెయ్యి వేసి, ఏదో స్తోత్రం చదువుకుంటూ కూర్చున్నారు. తెల్లారి నాతో అన్న మాట ఒక్కటే, "అమ్మాయ్, ఇంక మన విస్తట్లోది వాడికి పెట్టను." అప్పటిదాకా పెడుతూనే ఉన్నారన్నమాట, ఆ లెక్క నాకు మళ్ళీ అప్పుడే తెలిసింది.

ఆలోచిస్తే మన పచ్చిపులుసు ఉంది చూశారూ, చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయలు, కుక్కకి పెట్టకూడనివన్నీ ఒకే గిన్నెలో ఉన్నాయి. మజ్జిగ అన్నం పెట్టే చేత్తోనే పచ్చిపులుసు అన్నం కూడా వీధికుక్కలకి కలిపి పెట్టేవాళ్ళని మా కాలనీలోనే చూస్తాను, ఆప్యాయతకి తక్కువేం లేదు. చెప్తే "మా చిన్నప్పట్నుంచీ పెడుతున్నాం, ఏం కాలేదు" అంటారు. అయిందో లేదో చూడటానికి వీధికుక్కకి రక్తపరీక్ష ఎవరు చేయించారు?

పండ్ల సంగతి త్వరగా చెప్పేస్తా. ద్రాక్ష ఒక్కటి కూడా వద్దు, ప్రసాదాల్లోని కిస్‌మిస్ కూడా. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలుండేవి, ఆ రోజుల్లో ఇక్కడ కుక్కల్ని పెంచినవాళ్ళు ఎలా వేగారో. మామిడిపండు గుజ్జు రెండు ముక్కలు ఇవ్వొచ్చు, టెంక మాత్రం చెత్తబుట్టలో కాదు, బయట మున్సిపాలిటీ బండిలోకే వెళ్ళాలి. గొంతులోనో పేగులోనో ఇరుక్కుంటే ఆపరేషనే. సీతాఫలం గింజలు నమిలితే విషం, గుజ్జు తీసి పెట్టేంత ఓపిక నాకు లేదు కాబట్టి అసలే పెట్టను. పుచ్చకాయ గింజలు తీసి, ఎండాకాలం మధ్యాహ్నం, చల్లగా. షుగర్ ఫ్రీ అని రాసి ఉన్న చూయింగ్ గమ్, కొన్ని పీనట్ బటర్లు, వీటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్కకి రక్తంలో చక్కెర అమాంతం పడిపోతుంది, అది డబ్బా మీద చదివే తీసుకోండి.

ఖర్చు అడుగుతున్నారు మా ఆఫీసులో. కూరగాయలకి వారానికి 150 రూపాయలు దాటదు, డాగ్ ఫుడ్ బస్తా ఇదివరకు కన్నా వారం ఎక్కువ వస్తోంది, అక్కడికక్కడికి సరి. బరువు మాత్రం టీవీ ప్రకటనల్లోలా దిగదు. వారానికి ఒకటి రెండు శాతం తగ్గితే మంచిదన్నారు, మావాడు అంత కూడా తగ్గలేదు, దసరా నెలలో అసలు తగ్గలేదు, ఎందుకో మీరే ఊహించుకోండి. మొన్న తూచినప్పుడు 32.8. పక్కటెముకలు ఇప్పుడు వెతికితే దొరుకుతున్నాయి. మెట్లు ఎక్కేటప్పుడు రెండో అంతస్తు దగ్గర ఆగి నా మొహం చూసేవాడు, ఇప్పుడు వాడే పైన నిలబడి నా కోసం చూస్తున్నాడు.

పొద్దున్న ఆరున్నరకి కుక్కర్ గ్యాస్‌కెట్ పెట్టే చప్పుడు వినగానే వంటింటి గడప బయట కూర్చుంటాడు, లోపలికి రావడానికి వీల్లేదని తెలుసు, ముక్కు మాత్రం గడప లోపల ఉంటుంది. అత్తయ్య బీన్స్ తొడిమలు తుంచుతూ వాడితో మాట్లాడుతుంటారు. నిన్న దుప్పటి దులుపుతుంటే వాడి పరుపు కింద సగం మారీ బిస్కెట్ దొరికింది, ఎవరో తొందరలో ఇచ్చి, వాడు తినకుండా దాచుకున్నట్టున్నాడు, లాబ్రడార్ తిండి దాచుకోవడం నేను ఇదే చూడటం. టీ తాగుతున్న మావారి వైపు చూశాను. ఆయన పేపర్ ఇంకొంచెం పైకెత్తుకున్నారు.